అడ్మినిస్ట్రేషన్ పేపరు తీసుకున్నవాళ్ళం

ఆంధ్రా యూనివర్సిటీలో నేను ఎంఈడీ, అంటే మాస్టర్ ఆఫ్ ఎడ్యుకేషన్, చదివింది 1991-92లో. అప్పట్లో అది ఏడాది కోర్సే, రెండేళ్ళది అయింది 2015 నుంచి. అప్పటికే నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్ని. లాస్ ఆఫ్ పే మీద సెలవు పెట్టి, మా పెద్దవాణ్ణి బొబ్బిలిలో అమ్మ దగ్గర దింపి, రాయపూర్ ప్యాసింజర్ ఎక్కి వాల్తేరు వచ్చేశాను. ఇంట్లో చెప్పిన కారణం ఒక్కటే. ఎంఈడీ ఉంటే, టీచర్లకి శిక్షణనిచ్చే జిల్లా సంస్థ అయిన డైట్‌లో లెక్చరర్ పోస్టుకి అర్హత వస్తుందని. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకో డైట్ పెడుతున్న రోజులవి. మాకు దగ్గర్లో భీమునిపట్నంలో ఒకటి ఉండేది. అక్కడ ఉద్యోగం వస్తే సముద్రం పక్కన ఇల్లు తీసుకోవచ్చని మావారు కూడా సరేనన్నారు.

ఫిలాసఫీ, సైకాలజీ, స్టాటిస్టిక్స్ అందరికీ ఉమ్మడి. స్పెషల్ పేపరు మటుకు ఎవరిది వాళ్ళు ఎంచుకోవాలి. ఎక్కువమంది గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ వైపు వెళ్ళిపోయారు. ఎడ్యుకేషనల్ అడ్మినిస్ట్రేషన్ తీసుకున్నవాళ్ళం కొద్దిమందిమే, అందులో ఆడవాళ్ళం ఇద్దరమే. "ఆఫీసర్లయిపోదామనే?" అని హాస్టల్లో ఏడిపించేవారు. అబద్ధమెందుకు, అవుదామనే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడికి తనిఖీకి వచ్చిన ఒక అధికారి అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, క్యాష్ బుక్కు, స్టాకు రిజిస్టరు అన్నీ తిరగేసి, ఎర్ర ఇంకుతో నాలుగు సున్నాలు చుట్టి, కోడికూరతో భోంచేసి వెళ్ళిపోయాడు. ఒక్క పిల్లవాణ్ణి కూడా ఏమీ అడగలేదు. మేం రెండ్రోజులు టెన్షన్ పడి పిల్లల చేత గోడలకి సున్నం కూడా వేయించాం. ఆ కుర్చీలో నేను కూర్చుంటే ఏం అడుగుతానో చూద్దామన్న కుతూహలం అప్పటినుంచీ ఉంది.

మా అడ్మినిస్ట్రేషన్ సారు మొదటి క్లాసులో, మేనేజ్‌మెంట్ సిద్ధాంతకర్తలు టేలర్ పేరో, ఫేయల్ పేరో బోర్డు మీద రాస్తారని పెన్నులు పట్టుకుని కూర్చున్నాం. ఆయన యేట్స్ దొర సంగతి ఎత్తుకున్నారు. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాలకి జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషాయన స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. బళ్ళు తిరుగుతూ, తెలుగు నేర్చుకుంటూ, ఆయనకి ఒక సందేహం వచ్చింది. ఊళ్ళో మనుషులు మాట్లాడే తెలుగు ఒకటి, బళ్ళో చెప్పే తెలుగు ఒకటి, ఎందుకిలా అని. విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్‌ని అడిగితే, దీనికి జవాబు చెప్పగలవాళ్ళు ఇద్దరున్నారని గురజాడనీ, గిడుగునీ చూపించాడాయన. వాడుక భాష ఉద్యమం అక్కడ రాజుకుంది. "సాహిత్యం వాళ్ళు దీన్ని భాషా చరిత్రగా చెబుతారు. నేను తనిఖీ చరిత్రగా చెబుతున్నాను" అన్నారు మా సారు. ఇన్‌స్పెక్టరు రిజిస్టర్లు మాత్రమే చూసి వెళ్ళిపోయి ఉంటే ఏమయ్యేదో మమ్మల్నే ఊహించుకోమన్నారు.

మరో రోజు మేం కూర్చున్న యూనివర్సిటీ గురించే చెప్పారు. 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరుకి మారడం, మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు ప్రభుత్వ దమనకాండకి నిరసనగా 1930లో పదవి వదిలేయడం, తర్వాత రాధాకృష్ణన్ గారు, 1936లో మళ్ళీ రెడ్డిగారే రావడం. అడ్మినిస్ట్రేటరు ఎప్పుడు సంతకం పెట్టాలో పుస్తకాల్లో ఉంటుంది, ఎప్పుడు పెట్టకూడదో ఇలాంటి చోట వెతుక్కోవాలని ఆయన బాధ.

ఆ తర్వాత సిలబస్ రానే వచ్చింది. కార్మికుల పనిని స్టాప్‌వాచీతో కొలిచిన టేలర్ శాస్త్రీయ నిర్వహణ, వెబర్ బ్యూరోక్రసీ, హాథార్న్ ఫ్యాక్టరీ ప్రయోగాలు, మెక్‌గ్రెగర్ ఎక్స్, వై సిద్ధాంతాలు, 1937 నాటి లూథర్ గులిక్ పోస్డ్‌కార్బ్. అడ్మినిస్ట్రేటరు చేసే ఏడు పనుల ఇంగ్లీషు పేర్లని కుదించి చేసిన ఆ చివరిది మంత్రంలా ఉండేది కాబట్టి మెస్సులో ఉప్పు అందించమనడానికి కూడా వాడేవాళ్ళం. ఫ్యాక్టరీల కోసం పుట్టిన సిద్ధాంతాలు బడికి అతుకుతాయా అని అడిగితే, అతికినంత మేర అతికించండి అనేవారు సారు. దేశంలో చదువుల మీద 1964-66లో పనిచేసిన కొఠారీ కమిషన్ నివేదిక మొదటి వాక్యం రాయకుండా ఎవరూ ఏ జవాబూ మొదలుపెట్టేవాళ్ళు కారు. ఆ నివేదికలోదే స్కూల్ కాంప్లెక్స్ ఆలోచన. ఒక హైస్కూలు, చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలలు ఒక కుటుంబంగా మెలగడం. మాకది ఐదు మార్కుల ప్రశ్న. తర్వాత ఉద్యోగంలో నెలనెలా ఆ మీటింగులు పెట్టాల్సి వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానంలో అదే మాట మళ్ళీ కనబడితే, పాత చుట్టాన్ని స్టేషన్లో చూసినట్టనిపించింది.

నన్ను పట్టుకున్నది మాత్రం హాల్పిన్, క్రాఫ్ట్‌ల ప్రశ్నావళి. 1960ల మొదట్లో అమెరికాలో 71 ఎలిమెంటరీ స్కూళ్ళ టీచర్లని అడిగి, ఒక్కో బడి వాతావరణం ఎలాంటిదో తేల్చారు వాళ్ళు. 64 వాక్యాలు. ఒక్కోదానికి ఇది అరుదుగా జరుగుతుందా, అప్పుడప్పుడా, తరచుగానా, చాలా తరచుగానా అని టిక్కు పెట్టాలి. వాటిని ఎనిమిది కొలతలుగా విడదీస్తారు. నాలుగు టీచర్ల తీరుకి, నాలుగు హెడ్మాస్టరు తీరుకి. చివరికి బడి ఓపెన్, అటానమస్, కంట్రోల్డ్, ఫెమిలియర్, పెటర్నల్, క్లోజ్డ్ అనే ఆరు రకాల్లో ఏదో ఒకటవుతుంది. ఆ ఎనిమిదింటిలో హిండ్రెన్స్ అని ఒకటుంది. మా పైవాళ్ళు అక్కరలేని రాతకోతలు నెత్తిన పెట్టి మా అసలు పనికి అడ్డం పడుతున్నారు అని టీచరుకి ఎంతగా అనిపిస్తోందో కొలిచేది. అది చదివినప్పుడు, మా స్టాఫ్ రూములో రోజూ వినే గోలకి ఇంత మర్యాదైన పేరుందా అనుకున్నాను.

దాన్ని తెలుగులోకి మార్చుకుని, విశాఖ జిల్లాలో కొన్ని హైస్కూళ్ళు తిరిగాను. ఎంఈడీకి రాయాల్సిన పరిశోధన వ్యాసం, డిజర్టేషన్, అదే. ఒక బడిలో హెడ్మాస్టారు పెద్దమనిషి, జరీ కండువా. "మీకెందుకమ్మా శ్రమ, ఇలా ఇవ్వండి" అని కాగితాలు నా చేతిలోంచి తీసుకుని ఆయనే పంచారు. అందరూ రాస్తున్నంతసేపూ స్టాఫ్ రూము కిటికీ దగ్గర నిలబడ్డారు. తర్వాత ఆయనే వసూలు చేసి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, "టోటల్ సరిపోయిందో లేదో చూస్తున్నాను" అంటూ ఒక్కొక్క కాగితం ముందూ వెనకా తిప్పి చూసి నాకిచ్చారు. పేర్లు రాయక్కర్లేదని పైన పెద్ద అక్షరాల్లో రాశాను నేను. కానీ అంతమంది చేతిరాతలు ఆయనకి తెలియవా! ఆ బడిలో హిండ్రెన్స్ దాదాపు సున్నా. స్వర్గం అన్నమాట.

సాయంత్రం బస్సు కోసం రావిచెట్టు కింద నిలబడితే తెలుగు మాస్టారు సైకిలు మీద వచ్చారు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన ఖాళీ ప్రశ్నావళి తీసి, "ఎక్స్‌ట్రా ఒకటి ఉంచుకున్నానమ్మా" అని, సైకిలు సీటు మీద పెట్టుకుని అక్కడికక్కడే నింపారు. 64 వాక్యాలకీ ఎక్కడా ఆగలేదు. "ఇందాకటిది చింపెయ్యండి. ఇది నాది" అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు.

ఏ కాగితం లెక్కలోకి తీసుకోవాలి? గైడ్ గారి దగ్గరకి పరుగెత్తాను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఆ బడిని లెక్కలోంచి తీసెయ్. ఈ సంగతి మాత్రం పరిమితులు అనే చాప్టర్లో ఒక పేరా రాయి" అన్నారు. కేసియో కాలిక్యులేటర్ మీద వేళ్ళు నొప్పి పుట్టేలా, బడుల మధ్య తేడా తేల్చే ఎఫ్ వాల్యూలు కట్టి, టైపు చేయించి, మెరూన్ రెక్సిన్ మీద బంగారు అక్షరాలతో బైండు చేయించాను. వైవాకి వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసర్ టేబుళ్ళన్నీ చకచకా తిప్పేసి ఆ ఒక్క పేరా దగ్గర ఆగారు. నన్నడిగిన ప్రశ్నలన్నీ దాని మీదే.

డైట్‌లో ఉద్యోగం నాకు రాలేదు. ఇప్పుడు దాని గురించి రాయడానికి కూడా ఏమీ లేదు. మళ్ళీ హైస్కూల్లో అశోకుడి దగ్గరకి వెళ్ళిపోయాను. ఆ పేపరుతో పని పడింది 1996లో డీపీఈపీ వచ్చాక. దేశ సగటు కంటే స్త్రీల అక్షరాస్యత తక్కువున్న జిల్లాల కోసం పెట్టిన ప్రాథమిక విద్యా పథకం అది. మన రాష్ట్రంలో మొదటి విడతలో విజయనగరం, నెల్లూరు, కర్నూలు, కరీంనగర్, వరంగల్ జిల్లాలకి వచ్చింది. ప్లాను రాయడానికి మనుషులు కావాలన్నారు, ఎంఈడీ అడ్మినిస్ట్రేషన్ అనేసరికి నన్ను డిప్యుటేషన్ మీద తీసుకున్నారు. జిల్లాలో ఎన్ని ఆవాసాలకి కిలోమీటరు దూరంలో బడి లేదు, ఒకటో తరగతిలో చేరినవాళ్ళలో ఐదు దాకా ఎందరు మిగులుతున్నారు, ఎన్ని గదులు, ఎందరు టీచర్లు, ఎంత ఖర్చు. ఒకే ఏడు చేరిన పిల్లల్ని తరగతి తరగతికీ వెంబడించి లెక్కగట్టే కోహార్ట్ పద్ధతి, పరీక్ష కోసం బట్టీ పట్టింది, తొలిసారి ఊళ్ళ పేర్లతో కనబడింది. ఆ వయసు పిల్లలు వందమందికి బడిలో ఎందరున్నారో చెప్పే స్థూల నమోదు నిష్పత్తి వంద దాటిందని మీటింగులో చెబితే ఒక పెద్ద అధికారి, "వందమంది పిల్లలుంటే అంతకన్నా ఎక్కువమంది ఎలా చేరారమ్మా, పక్క జిల్లా నుంచి తెచ్చారా?" అని అందరినీ నవ్వించారు. ఒకటి నుంచి ఐదు దాకా చదువుతున్నవాళ్ళలో ఆ వయసు దాటినవాళ్ళూ, ఇంకా రానివాళ్ళూ కూడా ఉంటారు, అందుకే దాటుతుందని వివరించాను. దాటడం గొప్ప కాదు, పిల్లలు తప్పుతూ ఆలస్యంగా నడుస్తున్నారన్న గుర్తు కూడా కావచ్చని చెప్పాను. ఆయన నవ్వడం ఆపి, ఆ పట్టిక మండలాల వారీగా తెమ్మన్నారు. ఎంఈడీ కోసం పోగొట్టుకున్న జీతం నాకు ఆ రోజు గిట్టుబాటైంది.

హెడ్మిస్ట్రెస్ అయి, తర్వాత ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి, అయ్యాను. 1985లో మండలాలు ఏర్పడిన తర్వాత పుట్టిన ఉద్యోగం ఇది. దాని చరిత్ర రాస్తే సగం కోర్టు కేసులే ఉంటాయి. ప్రభుత్వ టీచర్లకీ, పంచాయతీరాజ్ టీచర్లకీ ఉమ్మడి సర్వీసు రూల్సు తేలక, ఏళ్ళ తరబడి చాలా మండలాలు ఇన్‌ఛార్జిల మీదే నడిచాయి. హైస్కూలు చూసుకునే హెడ్మాస్టరుకే ఒకటో రెండో మండలాలు అదనం. నాకూ అంతే.

ఎంఈఓ అంటే నా ఊహలో బళ్ళు తిరిగే మనిషి. కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, ఎంఈఓ అంటే ముందు జీతాలిచ్చే మనిషి. మండలంలో ప్రాథమిక, ప్రాథమికోన్నత టీచర్లందరి పే బిల్లూ మనమే పెట్టాలి. ఆ బిల్లు రాసే ఏపీటీసీ ఫారం 47 గురించి ఫేయల్ గాని, వెబర్ గాని ఒక్క ముక్క చెప్పలేదు. మా సీనియర్ అసిస్టెంట్ అప్పారావుగారు అనుకుందాం, అసలు పేరు వద్దు, ఆయన పక్కన స్టూలు వేసుకుని డిడక్షన్లు నేర్చుకున్నాను. ఎల్ఐసీ ఒకరికి తప్పు పడితే బిల్లు మొత్తం ట్రెజరీ నుంచి తిరిగొస్తుంది. తిరిగొస్తే పండక్కి జీతాలుండవు. జీతం రాని టీచరుతో మీరు గుణాత్మక విద్య గురించి మాట్లాడి చూడండి!

తర్వాత డైస్. బడుల సమాచారమంతా ఒకే తీరులో సేకరించడానికి డీపీఈపీ రోజుల్లో ఢిల్లీలోని విద్యా ప్రణాళికా సంస్థ నీపా వాళ్ళు తయారుచేసిన పద్ధతి అది, ఇప్పటి యూడైస్‌కి అమ్మ. సెప్టెంబర్ 30 నాటికి బడిలో ఎవరెవరున్నారో రాయాలి. గదులు, మరుగుదొడ్లు, నల్లబల్లలు, తరగతి వారీగా, వయసు వారీగా పిల్లలు. వయసు గళ్ళు నింపుతుంటే బడిలో సగంమంది జూన్, జూలైల్లో పుట్టినవాళ్ళే. బడిలో వేసిన రోజున ఐదేళ్ళు నిండేలా మాస్టార్లే పుట్టించారు మరి! 2003 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం వచ్చింది. అది పిల్లల్ని నిజంగా బడికి తెచ్చింది, నేను కళ్ళారా చూశాను. దాంతోపాటే బియ్యం లెక్క, గుడ్ల లెక్క, వంట ఏజెన్సీ బిల్లులు. ఓటర్ల జాబితా, జనాభా లెక్కలు సరేసరి.

ఒక స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో నేను ఏదో కొత్త ప్రొఫార్మా పంచుతుంటే వెనక బెంచీలోంచి ప్రాథమిక బడిలో పాఠాలు చెప్పే ఒక కుర్ర ఎస్‌జీటీ, "మేడం, దీన్ని నింపేలోగా రెండు పీరియడ్లు పోతాయండి" అన్నాడు. హెడ్మాస్టర్లందరూ వాడివైపు గుర్రుగా చూశారు. నాకు మాత్రం హాల్పిన్ గుర్తొచ్చాడు. మర్నాటి నుంచి ఒక పని చేశాను. పైనుంచి ఏ ప్రొఫార్మా వచ్చినా, అందులో గళ్ళు మా ఆఫీసు రికార్డుల్లోంచి నింపగలిగినవి ముందే నింపి, మిగిలినవే బడికి పంపేవాళ్ళం. అప్పారావుగారు మొదట గొణిగారు. తర్వాత ఆయనే బడికో ఫైలు తెరిచి, దానికి ఊరి పేరు రాసి పెట్టారు. సగానికి సగం రాత తగ్గిందని టీచర్లు చెప్పారు. తగ్గిన టైములో పాఠాలు చెప్పారా అంటే, కొందరు చెప్పారు.

బడికి వెళ్తే ఏం అడగాలన్న నా పాత కుతూహలం కూడా తీరింది. నాలుగో తరగతి పిల్లని పిలిచి, నిన్న బడికి రానివాళ్ళ పేర్లు చెప్పమనేదాన్ని. గుక్క తిప్పుకోకుండా చెబుతారు, కారణాలతో సహా. తర్వాత హాజరు పట్టీ తెరవాలి.

మా బ్యాచ్‌లో మిగతావాళ్ళు ఎక్కడెక్కడ తేలారో చూస్తే ఈ చదువు ఎక్కడికి తీసుకెళ్తుందో తెలుస్తుంది. నాతోపాటు ఈ పేపరు తీసుకున్న రెండో ఆమె డైట్ లెక్చరరై ప్రిన్సిపాల్‌గా రిటైరైంది. నేను కోరుకున్న సముద్రపు ఇల్లు ఆమెదే. ఒకాయన గిరిజన సంక్షేమ శాఖలో చేరి ఆశ్రమ పాఠశాలలు చూశాడు. ఇంకొకాయన మస్కట్‌లో ఇండియన్ స్కూలు ప్రిన్సిపాల్. ఒకాయన యూనివర్సిటీలో దూరవిద్య పరీక్షల విభాగంలో కుదురుకున్నాడు. మా అందరిలోకీ తెలివైనవాడు కార్పొరేట్ కాలేజీలో ఏజీఎం (అసిస్టెంట్ జనరల్ మేనేజర్) అయ్యాడు. అడ్మిషన్ల టార్గెట్లు, ర్యాంకుల ఫ్లెక్సీలు. జీతం మా అందరికంటే ఎక్కువ. "నేను నిజంగా టేలర్ శిష్యుణ్ణే, స్టాప్‌వాచీతో సహా" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. మరొకాయన జిల్లా అధికారుల కోసం నీపా నడిపే డిప్లొమాకి ఢిల్లీ వెళ్ళి, అక్కడ ఆఫ్రికా దేశాల విద్యాధికారులతో పరిచయాలు పెంచుకుని, వాళ్ళ బళ్ళల్లో కూడా పుట్టిన రోజులన్నీ ఒకే నెలలోనా అని అడిగొచ్చాడు. అవునన్నారట.

ఆ డైట్ ఆమె కూతురు టెక్సాస్‌లో టీచరు. అక్కడ ప్రిన్సిపాల్ కావాలంటే మాస్టర్స్ డిగ్రీ, టీచరుగా కనీసం రెండేళ్ళ అనుభవం, పైగా సర్టిఫికేషన్ పరీక్ష ఉండాలిట. అందుకని ఎడ్యుకేషనల్ లీడర్‌షిప్ చదువుతోంది. మన దగ్గర డిపార్ట్‌మెంటల్ పరీక్షలు పాసై, సీనియారిటీ జాబితాలో పేరు పైకి పాకితే చాలు హెడ్మాస్టరు కుర్చీ వస్తుంది. పాకడానికి ఎలాగూ ఇరవై ఏళ్ళు పడుతుంది కాబట్టి ఆలోగా నేర్చుకుంటారని ప్రభుత్వం నమ్మకం కాబోలు. డిప్యూటీ ఈఓ (ఉప విద్యాధికారి) పోస్టులకి ఎప్పుడో ఒకసారి సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్ వేస్తుంది, కుర్రవాళ్ళకి ఉన్న నేరుదారి అది. దానికి చదివేవాళ్ళు ఇప్పటికీ పోస్డ్‌కార్బ్ బట్టీ పడుతున్నారు.

మా తమ్ముడి కూతురు బెంగళూరులో అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎంఏ ఎడ్యుకేషన్ చేస్తోంది. బీఈడీ లేదు, టీచరుగా చేయలేదు, అయినా ఈ రంగంలోకే వస్తానంటుంది. స్వచ్ఛంద సంస్థల్లో, ప్రభుత్వ ప్రాజెక్టుల్లో దాని తోటివాళ్ళకి బాగానే ఉద్యోగాలొస్తున్నాయి. ఉద్యోగంలో చేరే ముందు రెండేళ్ళు ఎక్కడైనా పాఠం చెప్పవే అని నేను, అవసరం లేదత్తా అని అది, ఫోన్లో వాదించుకుంటూ ఉంటాం. పోయిన నెల ఫీల్డ్ వర్కుకి పాడేరు వైపు పంపుతున్నారని ఫోన్ చేసింది. అల్లూరి సీతారామరాజు జిల్లా అయ్యాక అక్కడ ఆఫీసులెక్కడున్నాయో నాకూ సరిగ్గా తెలీదు.

"అత్తా, బళ్ళకి ఏ రోజు వెళ్తే మంచిది? సోమవారం వెళ్ళనా?"

"సంత ఏ రోజో కనుక్కుని ఆ రోజు ఒకసారి వెళ్ళు. మర్నాడు మళ్ళీ వెళ్ళు. రెండు రోజులూ పిల్లల్ని నువ్వే లెక్కపెట్టు, తర్వాత హాజరు పట్టీ అడుగు. గొడుగు కాదు, రెయిన్‌కోటు తీసుకెళ్ళు."